రాడార్ గన్ కాసేపు సంచిలో పెట్టండి: పిచర్ల తల్లిదండ్రులకు, కోచ్‌లకు బహిరంగ లేఖ

ఆల్ఫరెటా, కమ్మింగ్, ఫ్రిస్కో, ఎడిసన్... అమెరికాలో ఊరేదైనా సరే, శనివారం పొద్దున్నే మడత కుర్చీలూ కూలరూ బండిలో వేసుకుని బేస్‌బాల్ గ్రౌండుకు బయల్దేరే తెలుగు తల్లిదండ్రులకు, వాళ్ళ పిల్లలకు పిచింగ్, అంటే బ్యాటర్‌కు బంతి వేయడం, నేర్పుతున్న కోచ్‌లకు నమస్కారం.

చలికాలం రాగానే మీ ఫోన్లకు కొన్ని ప్రకటనలు వస్తాయి. ఇన్ని వారాల్లో మీ పిల్లవాడి స్పీడు ఇన్ని మైళ్ళు పెంచుతాం, బరువు బంతులతో సాధన చేయిస్తాం, వారం వారం బంతి వేగం కొలిచే రాడార్ గన్ రీడింగు పంపిస్తాం, ఫీజు ఇంత. పదకొండేళ్ళ వాడి పేరు కూడా అందులో రాయించేస్తున్నారు. రాయించే ముందు ఒక పిచర్ ఆట గురించి కూర్చుని తెలుసుకోండి అని అడగడానికే ఈ లేఖ. ఆ పిచర్ గ్రెగ్ మాడక్స్. అట్లాంటాలో ఉండేవాళ్ళు అక్కడి బ్రేవ్స్ టీము స్టేడియానికి వెళ్ళినప్పుడు రిటైర్ చేసిన నంబర్లలో 31 చూసే ఉంటారు. షికాగో కబ్స్ టీము ఆడే రిగ్లీ ఫీల్డ్‌లో ఫౌల్ పోల్ మీద ఎగిరే జెండా మీదా అదే నంబరు. రెండు టీములు ఒకే మనిషి నంబరును పక్కన పెట్టేశాయంటే అతనేదో చేసే ఉండాలి కదా.

చేసింది ఇదీ. 1986 నుంచి 2008 దాకా 23 సీజన్లు, 740 స్టార్టులు (మొదటి పిచర్‌గా దిగిన మ్యాచ్‌లు), 355 గెలుపులు. 1992 నుంచి 1995 వరకు వరసగా నాలుగేళ్ళు, ఏటా లీగ్‌లో మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు. 1988 నుంచి 2004 దాకా పదిహేడేళ్ళలో ఏ ఒక్క ఏడాదీ 15 కంటే తక్కువ గెలవలేదు. ఒక పూర్తి మ్యాచ్ అంటే తొమ్మిది ఇన్నింగ్స్; ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేస్తే, 1994లో ఆ తొమ్మిదింటికి సగటున ఇచ్చిన రన్నులు 1.56, తరవాతి ఏడు 1.63. ఆ 1994లో లీగ్‌లో మిగతా పిచర్ల సగటు నాలుగు దాటింది. ఐదు వేల ఇన్నింగ్స్ పైన వేసి 3,371 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడు. హోమ్ ప్లేట్ మీద, బ్యాటర్ మోకాలి నుంచి ఛాతీ దాకా ఉండే స్ట్రైక్ జోన్‌కు బయట నాలుగు బంతులు వేసి బ్యాటర్‌ను ఊరికే మొదటి బేస్‌కు పంపడాన్ని వాక్ అంటారు కదా, అన్నేళ్ళ ఆటలో అవి 999. వెయ్యికి ఒకటి తక్కువ.

ఇక్కడ ఒక అపోహ తుడిచేయాలి. మాడక్స్‌ను పొగిడే వాళ్ళంతా ‘స్పీడు లేకుండానే గెలిచాడు’ అంటారు. తప్పు. కుర్రతనంలో అతని బంతి గంటకు 90 మైళ్ళు దాటేది, ఆ కాలానికి అది తక్కువేం కాదు. వయసు మీద పడ్డాక 85 చుట్టుపక్కలకు దిగింది. స్పీడున్న రోజుల్లో కూడా దాని మీద ఆధారపడలేదు, అదీ విశేషం. అందుకే స్పీడు పోయినా అతని పని ఆగలేదు. 41 ఏళ్ళ వయసులో, 2007లో, 14 మ్యాచ్‌లు గెలిచాడు. మీ పిల్లలకు స్పీడు వద్దని మేం అనడం లేదు. ఏది ముందు, ఏది వెనక అన్నదే మా మాట.

లాస్ వేగస్‌లో మాడక్స్ పెరిగేటప్పుడు ఆదివారాలు కుర్రాళ్ళను పోగుచేసి ఆడించే ఒక రిటైర్డ్ స్కౌట్ (టీముల కోసం ఆటగాళ్ళను వెతికేవాడు) ఉండేవాడు, పేరు మెడార్. స్పీడు కంటే బంతి కదలిక ముఖ్యమని ఆయన ఈ కుర్రాడికి నూరిపోశాడు. టీనేజ్ కుర్రాడు దాన్ని నమ్మాడంటే అది మామూలు సంగతి కాదు; ఆ వయసులో అందరికీ గట్టిగా విసరాలనే ఉంటుంది. నమ్మగానే ఫలితం వచ్చిందనీ అనుకోకండి. 1987లో, పూర్తిగా ఆడిన మొదటి సీజన్‌లో, 6 గెలిచి 14 ఓడాడు, సగటు 5.61. మరుసటి ఏడు 18 గెలిచాడు.

ఇప్పుడు బంతుల సంగతికి వద్దాం. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో ఒక బంతి పెట్టుకుని చదివితే మరీ మంచిది.

మాడక్స్ ప్రధాన ఆయుధం టూ-సీమ్ ఫాస్ట్‌బాల్. బంతిని తిప్పుతూ చూడండి. ఎర్ర కుట్లు రెండు ఒకదానికొకటి బాగా దగ్గరగా వచ్చే చోటు కనిపిస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు ఆ రెండు కుట్ల మీద, వాటి వెంబడే పెట్టాలి. బొటనవేలు కింద, నడిమధ్యన. ఉంగరపు వేలు పక్కకు మడిచి ఆనించాలి. అరచేతికీ బంతికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. వదిలేటప్పుడు చూపుడు వేలు ఒత్తు కొంచెం ఎక్కువ పడితే, కుడిచేతి పిచర్ బంతి చివరి గజాల్లో అతని కుడి వైపుకు జరుగుతూ కిందికి దిగుతుంది. మణికట్టు మెలితిప్పాల్సిన పని లేదు. పిల్లలు చేసే తప్పు అదే: బంతి కదలడం లేదని మణికట్టు తిప్పుతారు. అప్పుడు కదలిక రాదు సరికదా మోచేతికి బరువు. కదలకపోతే ముందు చూడాల్సింది వేళ్ళు కుట్ల మీదే ఉన్నాయా, బంతి అరచేతిలో ఇరుక్కుపోయిందా అన్నదే.

ఈ బంతిని మాడక్స్ ఎక్కడ వాడాడో చూస్తే అతని తెలివి తెలుస్తుంది. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. ఎడమచేతి బ్యాటర్ నిలబడ్డాడనుకోండి. మాడక్స్ బంతిని సరిగ్గా అతని నడుము మీదికి గురిపెట్టేవాడు. తగులుతుందని బ్యాటర్ ఒళ్ళు వెనక్కి లాక్కుంటాడు. ఆ బంతి చివర్లో వంగి వచ్చి ప్లేట్ లోపలి అంచును తాకుతూ పోతుంది. అంపైర్ స్ట్రైక్ అంటాడు. బ్యాటు భుజం మీదే ఉంటుంది, మొహం ఎర్రబడుతుంది. మరోసారి అదే దారిలో వస్తున్నట్టు కనిపించే కటర్ అనే ఇంకో రకం ఫాస్ట్‌బాల్ వేస్తాడు. అది ఇటు వంగదు, అటు వైపు బ్యాటర్ చేతుల్లోకి దూసుకుపోతుంది. మళ్ళీ వంగి వస్తుందని ఈసారి ఊపితే బంతి బ్యాటు పిడి దగ్గర తగిలి నేల మీద దొర్లుతుంది. ఒకే చోటు నుంచి బయల్దేరి రెండు వైపులకు విడిపోయే రెండు బంతులు. బ్యాటర్ ఊపాలా వద్దా అని తేల్చుకోవాల్సిన క్షణానికి అవి రెండూ ఒక్కలాగే ఉంటాయి.

మాడక్స్ దీనికి చెప్పిన పోలిక మన ఇళ్ళలో పాలు పోసేటప్పుడు చూసేదే. తన బంతులన్నీ బ్యాటర్ కంటికి ఒకే పాలధారలా కనిపించాలన్నాడు. ఏ బంతీ ఆ ధారలోంచి ముందే బయటికి చింది కనపడకూడదు. ఇప్పుడు కంప్యూటర్లు పెట్టి ఇదే సంగతిని ‘టనెల్’ అని కొలుస్తున్నారు. కొలత కొత్తది, కిటుకు పాతది.

కుడిచేతి బ్యాటర్‌కు అదే టూ-సీమ్ చేతుల్లోకి వస్తుంది. లేదా బయటి వైపు పోతున్నట్టు బయల్దేరి చివర్లో బయటి అంచు మీదికి తిరిగొస్తుంది. ఒక్క గ్రిప్‌తో ఇద్దరు బ్యాటర్లకూ నాలుగు అంచుల్లో పని. అందుకే పన్నెండేళ్ళ వాడికి ఐదు రకాల బంతులు నేర్పిస్తున్నామని గొప్పలు చెప్పుకునే వాళ్ళను చూస్తే మాకు జాలేస్తుంది. ఒక బంతిని రెండు అంచులకూ వేయగలడా అని అడిగి చూడండి.

రెండో ఆయుధం ఛేంజప్, అంటే ఫాస్ట్‌బాల్‌లా కనిపిస్తూ నెమ్మదిగా వచ్చే బంతి. మాడక్స్ వేసేది సర్కిల్ ఛేంజప్. బొటనవేలు, చూపుడు వేలు బంతి పక్కన సున్నాలా కలుస్తాయి. పైన మధ్య వేలు, ఉంగరపు వేలు. చిటికెన వేలు పక్కన ఆనుతుంది. బంతి ఫాస్ట్‌బాల్ కంటే అరచేతిలోకి లోతుగా వెళ్ళాలి. చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్‌కు ఎంత వేగంగా ఊపుతారో అంతే వేగంగా ఊపాలి. నెమ్మదించే పని గ్రిప్‌ది, చేతిది కాదు. చిన్నపిల్లలకు అరచెయ్యి చాలదు కాబట్టి వాళ్ళకు సున్నా గొడవ లేకుండా మూడు వేళ్ళు పైన పెట్టి వేయించినా పని జరుగుతుంది.

ఛేంజప్ చెడిపోయేది మూడు చోట్ల. మొదటిది, వేయబోయే ముందు చెయ్యి నెమ్మదిస్తుంది. బ్యాటర్ కాదు కదా, కుర్చీలో కూర్చున్న తాతగారికి కూడా తెలిసిపోతుంది. రెండోది, బంతిని పిసికి పట్టుకోవడం. పట్టు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, బంతి ఎత్తులో ఉండిపోతుంది, ఎత్తులో వచ్చే నెమ్మది బంతి కంచె అవతలికే. మూడోది పెద్దవాళ్ళ తప్పు. ఒకసారి ఛేంజప్‌కు దెబ్బ తగలగానే కోచ్ దాన్ని ఆ సీజన్ అంతా ఆపేయిస్తాడు. మ్యాచ్‌లో వేయని బంతి ఎప్పటికీ రాదు.

దీనికింత విలువ ఎందుకో లెక్క చూడండి. పిచర్ నిలబడే మౌండ్ నుంచి ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ ముందుకు అడుగేసి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణం సుమారు 55 అడుగులు. గాలి వల్ల తగ్గే వేగాన్ని పక్కన పెడితే, 90 మైళ్ళ బంతి 0.42 సెకన్లలో చేరుతుంది. 80 మైళ్ళ బంతికి 0.47 పడుతుంది. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. మొదటి బంతి ప్లేట్ మీద ఉండే సమయానికి రెండోది ఇంకా ఆరడుగుల దూరంలో ఉంటుంది. ఊపు మొదలుపెట్టిన బ్యాటర్ దాన్ని ఆపుకోలేడు. అదే 90ని కష్టపడి 92 చేశారనుకోండి, మిగిలేది సెకనులో నూరో వంతు కూడా కాదు. ఏ బేరం లాభమో మీరే చెప్పండి.

ఈ విషయాన్ని మాడక్స్ ఇంకోలా చెప్పేవాడు. దూరంగా రోడ్డు మీద ఎదురొచ్చే కార్లలో ఏది 55లో వస్తోందో, ఏది 65లో వస్తోందో చూపుతో చెప్పలేం. బ్యాటర్ కంటికీ అదే కష్టం. కుట్టు తిరిగే తీరు కొందరు పట్టుకోగలరేమో కానీ వేగంలో తేడా పట్టుకోవడం మనిషి కంటి వల్ల కాదన్నాడు. అందుకు ఒకే ఒక్క బ్యాటర్‌ను మినహాయించాడు: టోనీ గ్విన్. అది ఉబుసుపోకకు అన్న మాట కాదు. గ్విన్ అతని మీద 94 ప్రయత్నాల్లో 39 హిట్లు కొట్టాడు, ఒక్కసారి కూడా స్ట్రైకౌట్ కాలేదు. తన విద్య ఎవరి దగ్గర చెల్లదో తెలిసి ఉండటం కూడా తెలివే.

చిన్నపిల్లల మైదానంలో దూరం 46 అడుగులు. 60 మైళ్ళు వేసే పన్నెండేళ్ళ వాడు 52లో ఒక ఛేంజప్ వేయగలిగితే, తేడా సెకనులో పద్నాలుగో వంతు. పెద్దవాళ్ళ ఆటలో కంటే ఎక్కువ. పిల్లల ఆటలో ఛేంజప్ పనికిరాదనే వాళ్ళకు ఈ లెక్క చూపించండి.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇది కొత్త కాదు. మన హైదరాబాద్ స్పిన్నర్ వెంకటపతి రాజు బంతి గాలిలో తేలుతూ వచ్చేది. బ్యాటర్ అడుగు ముందుకేశాక గానీ మోసం తెలిసేది కాదు. బంతి నేలను తాకదు కాబట్టి మాడక్స్‌కు పిచ్ సాయం లేదు, అంతే. మిగతా వ్యాపారమంతా ఒకటే.

చేతి పని ఇంతవరకు. ఇక్కడి నుంచి కంటి పని. పులిజూదం ఆడిన వాళ్ళకు తెలుస్తుంది: మేకలకు పులిని కొట్టే బలం లేదు. ఒక్కో మేకనీ పెట్టుకుంటూ వచ్చి, పులికి కదిలే గడి లేకుండా చేయడమే గెలుపు. మాడక్స్ మౌండ్ మీద ఆడింది ఆ ఆటే.

అతను చూసేది బ్యాటర్ చేతుల్ని కాదు, కాళ్ళను. ప్లేట్‌కు ఎంత దగ్గరగా నిలబడ్డాడు, పోయినసారి కంటే ఒక అంగుళం ముందుకొచ్చాడా, ముందు పాదం ఎటు పడుతోంది. ఊపిన ప్రతిసారీ బ్యాటర్ తన గుట్టు తానే చెప్పేస్తాడు. మీ పిల్లలకు ఫౌల్ బంతులు (బ్యాటుకు తగిలి గీత బయటికి పోయేవి) చదవడం నేర్పండి. పదేళ్ళ వాడికి కూడా అర్థమయ్యే పాఠం ఇది. కుడిచేతి బ్యాటర్ ఫాస్ట్‌బాల్‌ను మొదటి బేస్ వైపు, అంటే కుడివైపు, ఫౌల్ కొట్టాడంటే ఆలస్యమయ్యాడని. అలాంటి వాడికి ఛేంజప్ వేయడమంటే మనమే ఎదురెళ్ళి సాయం చేసినట్టు. మళ్ళీ ఫాస్ట్‌బాలే వేయాలి. మూడో బేస్ వైపు బలంగా ఫౌల్ కొట్టాడా, తొందరపడ్డాడు. ఇప్పుడు ఛేంజప్‌కు అదును. నేరుగా వెనక్కి, వలలోకి పోయిందా, టైమింగ్ కుదిరింది, అంగుళంలో తప్పింది. ఆ బంతి ఆ చోట మళ్ళీ వేయకూడదు. పిల్లలు ఓడేది ఎక్కువగా మొదటి దాని దగ్గరే. రెండు స్ట్రైకులు పడగానే ముద్దుగా ఛేంజప్ వేస్తారు, అప్పటిదాకా అందని బ్యాటు సరిగ్గా అందుకుంటుంది.

బేస్‌బాల్ వాళ్ళు మాడక్స్ గురించి చెప్పుకునే ముచ్చట ఒకటుంది. హ్యూస్టన్ మీద బాగా ఆధిక్యంలో ఉన్న మ్యాచ్‌లో, వాళ్ళ బ్యాటర్ జెఫ్ బాగ్వెల్‌కు ఎన్నడూ వేయనన్న లోపలి ఫాస్ట్‌బాల్‌ను కావాలనే వేశాడట. బాగ్వెల్ బంతిని కంచె దాటించి హోమ్‌రన్ కొట్టాడు. కొన్నాళ్ళకు మళ్ళీ ఎదురుపడ్డారు, ఈసారి మ్యాచ్ నువ్వా నేనా అన్నట్టుంది. బాగ్వెల్ ఆ తీపి గుర్తుతో లోపలి ఫాస్ట్‌బాల్ కోసమే కాచుకున్నాడు. మాడక్స్ బయటికి ఛేంజప్ వేసి సాగనంపాడు. ముందు అప్పు ఇచ్చి తరవాత వడ్డీతో వసూలు చేసే షావుకారు పని. అతన్ని ‘ప్రొఫెసర్’ అని పిలిచేవాళ్ళు కానీ, మన ఊళ్ళల్లో అయితే వేరే పేరు పెట్టేవాళ్ళు.

ఇంత ఎత్తుగడ ఉన్నా అతను ఎక్కువ బంతులు వేసేవాడు కాదు. అసలు అభిమానించాల్సింది ఇక్కడే. 1997 జూలై 22న షికాగోలో తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తం 78 బంతుల్లో ముగించాడు. ఆ సీజన్‌లో 232 ఇన్నింగ్స్ పైన వేసి ఇచ్చిన వాక్‌లు 20. అందులో ఆరు కావాలని ఇచ్చినవే. 2001లో వరసగా 72 ఇన్నింగ్స్ దాటి ఒక్క వాక్ కూడా ఇవ్వలేదు. చివరికి ఆ వరస తెగిందీ కావాలని ఇచ్చిన వాక్‌తోనే. వంద బంతుల లోపు మ్యాచ్ మొత్తం వేసి, ఒక్క రన్ను కూడా ఇవ్వకుండా గెలిస్తే ఇప్పుడు దాన్నే ‘మాడక్స్’ అంటున్నారు. మనిషి పేరు కొలమానమైపోయింది.

కారణం సులువే. స్ట్రైకౌట్‌కు తక్కువలో తక్కువ మూడు బంతులు కావాలి. కొట్టనిచ్చి నేల మీద దొర్లించి అవుట్ చేయడానికి ఒకటి చాలు. బ్యాటుకు తగలకుండా వేయడం కాదు, తగలకూడని చోట తగిలేలా వేయడం. ఆ దొర్లిన బంతుల్లో కొన్ని పిచర్ దగ్గరికే వస్తాయి. అందుకే మాడక్స్ బంతి వదిలాక ఒళ్ళు పక్కకు తూలిపోకుండా రెండు కాళ్ళ మీద ప్లేట్‌కు ఎదురుగా నిలబడేవాడు, చేతికి గ్లవ్ సిద్ధంగా. ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ 18 సార్లు అందుకున్నాడు. గట్టిగా విసరాలని ఒళ్ళంతా విసిరేసే పిల్లలు మొదటి బేస్ వైపు పడిపోతుంటారు. తమ వైపే వచ్చిన బంతిని చూసుకోరు. స్పీడు కోసం ఇచ్చే మూల్యం అక్కడ కూడా ఉంది, రాడార్ మీద కనపడదు.

‘అంపైర్లు అతనికి బయటి స్ట్రైకులు ఇచ్చేవాళ్ళు’ అంటారు కొందరు. కొంత నిజమే. బయటి అంచును పదే పదే తాకే వాడికి అంపైర్ చెయ్యి అలవాటుగా లేస్తుంది. అయితే 1997 లీగ్ ఛాంపియన్‌షిప్ ఐదో మ్యాచ్ కూడా గుర్తుంచుకోవాలి. ఎరిక్ గ్రెగ్ అంపైర్‌గా ఉన్న ఆ రోజు ఫ్లోరిడా పిచర్ లివాన్ హెర్నాండెజ్ దూరంగా పోయే బంతులకు కూడా స్ట్రైకులు తెచ్చుకుని 15 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2–1తో ఓడిన పిచర్ మాడక్సే. ఇప్పుడు అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో 2026 నుంచి కెమెరాల సాయంతో స్ట్రైకును సవాలు చేసే పద్ధతి తెచ్చారు. అంచులో వేసే వాడికి ఇక కాలం చెల్లిందంటారా? మాకు అలా అనిపించడం లేదు. గీతను నిజంగా తాకించగలిగే వాడికి గీత గట్టిపడటం మంచిదే. ఇబ్బంది తాకించలేని వాళ్ళకే.

ఇక అసలు అభ్యంతరం. స్కౌట్లు వచ్చేది రాడార్ గన్ పట్టుకునే కదా, కాలేజీ టీములు అడిగేదీ అదే కదా అని మీరంటారు. నిజం. 2008లో ఇండియాలో పోటీ పెట్టి ఈటె విసిరే ఇద్దరు కుర్రాళ్ళు, రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను చేతి బలం చూసే ఎంచుకున్నారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంతకాలు చేయించుకుంది. స్పీడు వాళ్ళకు తలుపు తీసింది. కానీ ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్‌కు చేరలేదు. తలుపు లోపల ఉండేది వేరే ఆట.

తలుపు దగ్గరికి చేరేలోపే చెయ్యి పోతోందన్నది ఇంకో బాధ. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో 91.3 మైళ్ళు, 2024లో 94.2. పిచర్ల గాయాల మీద లీగే 2024 డిసెంబరులో ఒక నివేదిక వేసింది. స్పీడు వెంట పరుగు, ప్రతి బంతీ శక్తినంతా పెట్టి వేయడం ముఖ్య కారణాలని అందులో తేల్చారు. ఆ అలవాటు పిల్లల ఆటలోకి దిగిందని కూడా చెప్పారు. మోచేతి లోపలి వైపు లిగమెంటు తెగితే చేసే టామీ జాన్ ఆపరేషన్ గురించి మీకు తెలుసు. కోలుకోవడానికి ఏడాది పైనే. మాడక్స్ చెయ్యి అన్నేళ్ళు నిలవడంలో ఒంటి తీరు, అదృష్టం కూడా ఉన్నాయి, మొత్తం తెలివి ఖాతాలో వేయలేం. అయినా బ్రేవ్స్ కోచ్ లియో మజోనీ పద్ధతి చూడండి. రెండు మ్యాచ్‌ల మధ్య పిచర్ల చేత రెండు సార్లు వేయించేవాడు, కానీ సగం బలంతో. కింద, బయటి మూలకు ఫాస్ట్‌బాల్ వేయడం మీదే ధ్యాసంతా. తరచుగా వేయాలి, తేలిగ్గా వేయాలి. ఇప్పటి చలికాలపు క్లాసుల్లో జరిగేది దీనికి తలకిందులు.

పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ నియమాలు మీకు కంఠతా రావాలి. ఒక రోజులో 8 ఏళ్ళు, ఆ లోపు వాళ్ళకు 50 బంతులు, 9–10కి 75, 11–12కి 85, 13–16కి 95. పద్నాలుగేళ్ళు, ఆ లోపు వాళ్ళు 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి, 51–65కి మూడు, 36–50కి రెండు, 21–35కి ఒకటి. 41 లేదా అంతకు మించి వేసినవాడు ఆ రోజు ఇక ప్లేట్ వెనక బంతి పట్టే క్యాచర్‌గా కూర్చోకూడదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పిల్లవాడు రెండు టీములకు ఆడుతుంటాడు. శనివారం ఒకరి లెక్కలో 60, ఆదివారం ఇంకొకరి లెక్కలో 50. ఏ కోచ్ కాగితం మీదా తప్పు ఉండదు. మోచెయ్యి మాత్రం రెండూ కూడుతుంది. ఆ కూడిక మీరే చేయాలి, ఇంకెవరూ చేయరు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు బంతి విసరకుండా ఉంచడం కూడా మీ చేతుల్లోదే; క్లాసుకు కట్టే ఫీజు సాధారణంగా ఆ నాలుగు నెలలదే.

కోచ్‌లకు ఒక సాధన చెబుతాం, ఖర్చు వంద డాలర్లు కూడా కాదు. ప్లేట్‌కు అటూ ఇటూ రెండు గుంజలు పాతి, వాటి మధ్య దారాలు కట్టండి: అడ్డం ఒకటి మోకాలి ఎత్తున, ఒకటి ఛాతీ దగ్గర, నిలువుగా 17 అంగుళాల ఎడంలో రెండు. బయటి అంచు నుంచి నాలుగంగుళాలు లోపలికి ఇంకో నిలువు దారం. ఆ సన్నటి గడిలో కింది సగమే గురి. మొత్తం 25 బంతులు, 15 ఫాస్ట్, 10 ఛేంజప్. బలం పదింటికి ఏడు వంతులు. ఒక తల్లో తండ్రో నోట్‌బుక్‌లో గీతలు పెట్టాలి. పన్నెండేళ్ళ వాడికి పదింటిలో నాలుగు ఆ గడిలో పడినా మెచ్చుకోండి. చివరి ఐదు బంతులకు ఒక బ్యాటర్‌ను ఊరికే నిలబెట్టి, వేసే ముందు ఏం వేస్తున్నాడో, ఎందుకో పిల్లవాడి చేత క్యాచర్‌కు చెప్పించండి. ‘ఎందుకు’కు జవాబు లేకపోతే ఆ బంతి లెక్కలోకి రాదు. వంపు తిరిగి దిగే కర్వ్‌బాల్ అడుగుతారు, అడగనివ్వండి. ఈ రెండు బంతులూ కుదిరాక, పదమూడు పద్నాలుగేళ్ళకు చూద్దాం అనండి.

ఇంకొక్కటి, చిన్న మాట. వచ్చే శనివారం మ్యాచ్ అయ్యాక బండెక్కగానే ‘ఇవాళ ఎంత స్పీడు వచ్చింది’ అని అడక్కండి. ‘మూడో ఇన్నింగ్స్‌లో ఆ పొడుగు కుర్రాడు మొదటి బంతిని కుడివైపు ఫౌల్ కొట్టాడు కదా, తరవాత ఏం వేశావు?’ అని అడగండి. మీరు కూడా ఆ ఫౌల్ ఎటు పోయిందో చూసి ఉండాలి మరి.

ఇట్లు,
పిల్లలకు పిచింగ్ నేర్పే కొందరు తెలుగువాళ్ళు